యుద్ధకాలపు శిశుగృహములు

1939 సెప్టెంబరు మొదటి దినములలో ఇంగ్లండు ప్రభుత్వము బాంబుల భయమున నగరములనుండి 15 లక్షలకు దగ్గర జనమును పల్లెలకు తరలించెను. వీరిలో పెక్కుమంది తలిదండ్రులను విడిచి ఉపాధ్యాయులవెంట రైలెక్కిన బడిపిల్లలు. ప్రాణరక్షణకై చేసిన యీ కార్యమును మేము తప్పుపట్టజాలము. అయినను బిడ్డ దేహమును కాచినంతమాత్రమున బిడ్డను కాచినట్లేనా?

ఈ ప్రశ్నను శ్రద్ధగా పరిశీలించినవారిలో ఇద్దరు స్త్రీలు ముఖ్యులు. హిట్లరు ఆస్ట్రియాను ఆక్రమించిన పిమ్మట 1938లో తండ్రియగు సిగ్మండు ఫ్రాయిడుతో వియన్నా విడిచి లండను చేరిన అన్నా ఫ్రాయిడు ఒకరు. ఆమె స్నేహితురాలు, అమెరికా దేశీయురాలగు డొరొతీ బర్లింగ్‌హామ్ రెండవవారు. వీరు అమెరికావారి ధనసహాయముతో 1941 మొదలు యుద్ధాంతమువరకు లండనులోని హాంప్‌స్టెడ్డున శిశుగృహములను నడపిరి.

తల్లి బెదరనంతవరకు ఆమె ప్రక్కనున్న పసివాడు బాంబుల మ్రోతకు అంతగా బెదరడనియు, తల్లిని ఎడబాసినవాడు నిర్భయమైన చోటనున్నను క్రుంగిపోవుననియు వారు కనుగొనిరి. వచ్చిన మాటలు పోవును. పక్క తడపుట మానినవాడు మరల తడపును. ఒక మూడేండ్ల బాలునికి, ఏడ్చినచో అమ్మ చూడరాదని చెప్పి విడిచిరి. వాడు ఏడ్వలేదు. అమ్మ వచ్చుననియు, కోటు తొడిగి ఇంటికి తీసికొనిపోవుననియు దినమంతయు వల్లించుచుండెను. ఆ వల్లెవేత మానుమనగా మానెను; పెదవులు మాత్రము కదల్చుచు, లేని కోటును తొడుగుకొనుచు, లేని టోపీని సవరించుకొనుచు మూల నిలుచుండెను. ఇట్టివానిని బుద్ధిమంతుడని మెచ్చుకొను గృహములు మన దేశమున మాత్రము తక్కువయా!

తొలుత అచ్చట దాదులందరును పిల్లలనందరిని చూచుచుండిరి. పిమ్మట నలుగురైదుగురు పిల్లలను ఒక్కొక్క దాదికి అప్పగించి చిన్న కుటుంబములుగ నేర్పరచిరి. వారము తిరుగకమునుపే, ఈమె నాది యని పిల్లలు కొట్టుకొనజొచ్చిరి. దాది గది దాటిన గోల పెట్టిరి. ఇల్లు సద్దుమణగియుండుటయే కోరు అధికారులైనచో ఆ యేర్పాటును వెంటనే రద్దుచేసియుందురు. వీరు ఓర్చుకొనిరి. క్రమముగా కలహములు తగ్గెను, మాటలు వచ్చెను, శుచిత్వపు అలవాట్లు కుదిరెను. తల్లులు ఏ వేళనైనను రావచ్చును. కొందరికి అచ్చటనే పని యిచ్చిరి.

పనివారందరును తాము చూచినది చీటీలపై వ్రాయవలెనని అన్నా నియమము. అచ్చట బాయిలరును చూచుకొనుటకు, చిల్లర మరమ్మతులకు కుదిరిన జేమ్స్ రాబర్ట్‌సన్ కూడ వ్రాసెను. ఆ కాలమున ఇంగ్లండు ఆసుపత్రులలో రోగులగు పిల్లలను తలిదండ్రులు చూచుటకు గట్టి నిర్బంధములుండెడివి. రాబర్ట్‌సన్ 1952లో, ఆసుపత్రిలో తల్లిని విడిచియున్న రెండేండ్ల బాలికను గూర్చి చలనచిత్రము తీసెను. వైద్యులలో పలువురు కోపించిరి. 1959లో ప్లాట్ సంఘము తలిదండ్రులను అడ్డులేక రానీయవలెనని సిఫారసు చేసెను.