నల్లా కోసం ఫుప్పూ దస్తఖత్

అమ్మీ సందూఖ్‌లో అబ్బా లెక్కల పుస్తకం ఒకటి ఇంకా భద్రంగా ఉంది. అబ్బా దర్జీ. అందులో ఉన్నవన్నీ కుర్తాల కొలతలు, గిరాకీల బాకీలు. 1991 నాటి ఒక్క పేజీ మాత్రం వేరు. పైన ఉర్దూలో 'నల్ కా ఖర్చ్' అని రాసి, కింద వరుసగా లెక్క వేశాడు. డిపాజిట్ 300. రోడ్డు తవ్వకం 150. అరంగుళం జీఐ పైపు 62 అడుగులు, 740. ఎల్బోలు, సఫేదా, జనపనార 110. ప్లంబర్ మజ్దూరీ 200. ఇత్తడి టోంటీ 60. చాయ్-పానీ 50. మొత్తం 1,610 రూపాయలు. అప్పట్లో అది అబ్బాకు రెండు నెలల కమాయీ.

నీళ్ల కోసం చాయ్-పానీ ఎవరికి ఇచ్చాడో రాయలేదు. మా చిన్న పట్నంలో అది అడగాల్సిన సవాల్ కూడా కాదు.

ఇంట్లోకి నీళ్లు రావడమనేది మన దక్కన్ తారీఖ్‌లో కొత్త ముచ్చట కాదు. బీదర్‌లో బహమనీల జమానాలోనే భూమి కింద సొరంగం తవ్వి కరేజ్ నడిపించారు. ఔరంగాబాద్‌కు మలిక్ అంబర్ పదిహేడో శతాబ్దం మొదట్లో నహర్ తెచ్చాడు. గోల్కొండ ఖిలాలో నీళ్లను చక్రాలతో అంచెలంచెలుగా పైకి ఎక్కించి, గోడల్లో పొదిగిన మట్టి గొట్టాల ద్వారా పారించారు. ఆ గొట్టాల ముక్కలు ఇవాళ వెళ్లినా కనిపిస్తాయి. హుస్సేన్ సాగర్ 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో వచ్చింది.

ఇవన్నీ మనకు ఫఖ్ర్ కలిగించే మాటలే. కానీ ఒక హఖీఖత్ కూడా ఉంది. గొట్టం మహల్ దాకా, మసీదు హౌజ్ దాకా పోయేది. గరీబ్ ఇంటి దాకా రాలేదు. మామూలు ఇంటికి నీళ్లు మోసింది బావి దగ్గరి ఆడవాళ్ల నడుము, లేదంటే మేకతోలు మష్క్ భుజాన వేసుకున్న సఖ్ఖా. అతన్ని భిష్తీ అని కూడా అనేవాళ్లు. ఆ మాట బిహిష్త్ నుంచి, అంటే స్వర్గం నుంచి వచ్చింది. పేరు జన్నత్‌ది, బతుకు మాత్రం తడిసిన వీపుది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. ఆ తర్వాతే ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే షహర్‌కు తాగునీళ్లూ ఇచ్చాయి. జిల్లాల్లోని మాలాంటి ఊళ్లు మాత్రం ఇంకా చాలా ఏళ్లు బావుల మీదే బతికాయి.

నల్లా వచ్చాక, దాని వెంట కాగితం వచ్చింది. కోస్తావాళ్లు కుళాయి అంటారు, మనం నల్లా అంటాం. ఏ పేరుతో పిలిచినా, అది ఇంటికి రావాలంటే తొక్కాల్సిన మెట్ల పేర్లు మాత్రం అన్నీ మన ఇంటి మాటలే. దరఖాస్తు, మంజూరు, జమ, రసీదు, బాకీ. ఫారసీ, అరబీల నుంచి వచ్చి దఫ్తర్ తెలుగులో స్థిరపడిన మాటలివి. ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ ఫారం చూస్తే పరాయిగా అనిపించేది కాదు. కానీ మాట మనదైనంత మాత్రాన హక్కు మనదైపోదు.

1991లో దరఖాస్తు మీద దస్తఖత్ చేసింది దాదా. ఇల్లు ఆయన పేరు మీదే ఉంది, ఇంటిపన్ను రసీదు కూడా ఆయనదే. రోడ్డు మీది పెద్ద పైపుకు చిల్లు పెట్టి ఫెర్రూల్ బిగించారు. ప్లంబర్ మా అరుగు మీదే కూర్చుని, నూనె పోస్తూ డైతో పైపుకు మరలు కోశాడు. మూడో రోజు తెల్లవారుజామున టోంటీ బుస్సుమని గాలి వదిలి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత తేటపడింది. దాదీమా మొదటి ఘడా పక్కింటికి పంపింది. ఇరవై ఏళ్లు బావి నుంచి మోసిన అమ్మీ ఏమీ అనలేదు. టోంటీ కింద చేయి పెట్టి అలాగే నిలబడింది.

తర్వాత దాదీమా పోయింది, దాదా పోయాడు, 2008లో అబ్బా కూడా పోయాడు. ఇల్లు మాత్రం కాగితంలో దాదా పేరు మీదే ఉండిపోయింది.

2016 ఆగస్టు 7న గజ్వేల్‌లో మిషన్ భగీరథ మొదలైంది. మరుసటి ఏడాది మా మొహల్లాలో కొత్త లైను వేశారు. పాత జీఐ పైపు అప్పటికే తుప్పు పట్టింది. కొత్త కనెక్షన్‌కు తెల్ల కార్డువాళ్లకు ఒక్క రూపాయే అన్నారు. అమ్మీ ఖుషీగా దరఖాస్తు పెట్టింది, అది వాపస్ వచ్చింది. కారణం సీదా. కనెక్షన్ ఇచ్చేది మనిషికి కాదు, ఇంటి నంబరుకు. రేపు బిల్లు బాకీ పడితే అది ఆ ఇంటి మీదే ఉంటుంది. అందుకని బతికున్న యజమాని పేరు కావాలి. ముందు ముటేషన్ చేయించండి, దానికి వారసులందరి దస్తఖత్ తెండి అన్నారు.

వారసులంటే మేము, చాచా, ఇద్దరు ఫుప్పూలు. కాగితం పట్టుకుని పెద్ద ఫుప్పూ ఇంటికి వెళ్లాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని మెల్లగా చదివింది.

"బేటా, అబ్బాజాన్ ఇంట్లో నా హిస్సా గురించి ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. నీళ్లకు మాత్రం నా దస్తఖత్ కావాలా?"

నా దగ్గర జవాబు లేదు. విరాసత్ గురించి పేపర్లో వ్యాసాలు రాసినవాణ్ణి నేను. దాదా ఆస్తిని ఆరు వంతులు చేస్తే కొడుకులకు రెండేసి, కూతుళ్లకు ఒక్కొక్కటి అని నాకు తెలుసు. మా ఇంట్లో ఆ లెక్క ఎప్పుడూ వేయలేదు. ఆడపిల్లలు అడగరు, అడిగితే మైకా పోతుందని భయం. ఆ మౌనాన్నే మనం రజామందీ అనుకుంటాం.

ఫుప్పూ ఆ రోజే దస్తఖత్ చేసింది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చాచాను, చిన్న ఫుప్పూను కూర్చోబెట్టి ఇంటికి ధర కట్టించాం. ముటేషన్‌లో ఎవరి పేరూ వదల్లేదు. ఫుప్పూల హిస్సాను కిస్తుల్లో చెల్లించాలని తయ్ చేసుకున్నాం. కాగితం కదలడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ తర్వాతే నల్లా వచ్చింది.

రూపాయి కనెక్షన్ అన్నా, అది రూపాయితో అయిపోలేదు. రోడ్డు మీది పైపు నుంచి వంటింటి దాకా ఖర్చు మాదే అయింది. సంపు, ట్యాంకు, సీపీవీసీ పైపులు, కూలీ అన్నీ పడ్డాయి. మీ ఇల్లు ఇంకా తాతల పేరు మీదే ఉంటే ముందు ఆ కాగితం సరిచేసుకోండి. అప్పుడు ఆపాలకు, ఫుప్పూలకు ఫోన్ చేయండి. దస్తఖత్ కోసం కాదు, హిస్సా కోసం.

అబ్బా పుస్తకంలో ఆ పేజీ పక్కన ఖాళీ ఉంది. అక్కడ నేను 2017 లెక్క రాశాను. కనెక్షన్ 1. పైపులు, కూలీ అన్నీ వేశాక, చివరి వరుసలో 'ఫుప్పూల హిస్సా, బాకీ' అని రాశాను. ఆఖరి కిస్తు పోయిన రంజాన్‌కు ముందు జమ అయింది. బాకీ అన్న మాట కొట్టేశాను.