రాతిపెచ్చులు చెప్పు చరిత్ర

చరిత్రపూర్వయుగమునకు శాసనములు లేవు, తాళపత్రములు లేవు. ఆనాటి మానవుడు చేసికొన్న రాతి పనిముట్లే మనకు ముఖ్యాధారములు. అయితే పనిముట్టును చెక్కునపుడు రాలిన పెచ్చులు ఒక్కొక్కపుడు అంతకంటె ఎక్కువ సంగతులు తెలుపును. వడ్రంగి చేసిన తలుపు ఏ యింటికో పోవును. చిత్రిక పట్టిన పొట్టు మాత్రము పని జరిగిన చోటనే మిగులును. రాతిపెచ్చులును అట్టివే.

1863 మే 30వ తేదీన భూగర్భ పరిశోధనశాఖకు చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ చెన్నపట్టణము చేరువనున్న పల్లావరమున ఒక చేగొడ్డలిని కనుగొనెను. ఆ సెప్టెంబరులోనే ఆయనయు విలియం కింగును అత్తిరంపాక్కమును గుర్తించిరి. ఇది నగరమునకు వాయవ్యమున సుమారు 60 కిలోమీటర్ల దూరమున, మన నగరి యేరు కలిసెడి కుశస్థలీనదీ ప్రాంతమున కలదు. ఫుట్ సేకరణను 1904లో మద్రాసు మ్యూజియము కొనెను.

1999లో శాంతి పప్పు అచట త్రవ్వకము లారంభించిరి. అడుగు పొరలోని పనిముట్ల వయస్సు 10 లక్షల యేండ్లకు తక్కువ కాదనియు, సగటున 15 లక్షల యేండ్లనియు 2011లో ప్రకటింపబడినది. ఆ బంకమట్టిలో పెద్ద పెచ్చులను తీయదగిన బండలు లేవు. తొలి చెక్కుడు పెచ్చులును కానరావు. కనుక ఆ మానవులు వేరొకచోట రాతిని చీల్చి, పెద్ద పెచ్చులను ఇచటికి మోసికొని వచ్చిరని తేలుచున్నది. రేపటి పనికి నేడే రాయి సిద్ధము చేసికొను ముందుచూపు వారికి కలదన్నమాట.

పై పొరలలో చేగొడ్డళ్ళు తగ్గి చిన్న పనిముట్లు పెరిగినవి. మూలశిలను ముందుగా తీర్చి, కోరిన ఆకృతిగల పెచ్చును ఒక్క దెబ్బతో తీయు లెవల్వా పద్ధతి అచట కానవచ్చును. ఈ మార్పు సుమారు 3,85,000 ఏండ్ల క్రిందటనే మొదలైనదని 2018లో వెల్లడియైనది. దీనికి సాక్ష్యమిచ్చినవి చాలవరకు పెచ్చులును, పెచ్చులు తీయగా మిగిలిన మూలశిలలునే.

పెచ్చుల అంచులును పరిశీలింపదగినవి. అవి పదునుగా నున్నచో రాలినచోటనే యున్నవనియు, అరిగి నున్నబడినచో నీటిలో దొర్లి వచ్చినవనియు ఊహింపవచ్చును.

పూర్వపు సేకర్తలు పలువురు అందమైన గొడ్డళ్ళనే ఏరుకొనిరి. పల్లావరము నేడు ఇండ్లతో నిండిన నగరభాగము. గ్రావెలు తవ్వకములు సాగినచోట పెచ్చులు ఎవరికంటను పడక లారీలకెక్కును. తావు తప్పిన రాయి సగము మూగది. కావున ఉపాధ్యాయులమైన మనము బాలురకు ఇట్టి రాళ్ళను ఏరి తెమ్మని చెప్పక, ఉన్నచోటనే ఉంచి, చూచి, స్థలమును వ్రాసికొని, తెలిసినవారికి తెలుపుట నేర్పవలెను.