రాంగఢ్ అడవిలో ముగ్గురు అన్నదమ్ములు

ఉత్తర అమెరికాలో పొట్టిమూతి ఎలుగుబంటి అంతరించి పదివేల ఏళ్లు దాటింది. దాని ఆఖరి రోజు ఎలా గడిచిందో చెప్పేవాళ్లు లేరు, ఎముకలు చెప్పినంతే మనకు తెలుసు. మన చీతా సంగతి వేరు. అది పోయిన ఏడు తెలుసు, ఊరు తెలుసు, తుపాకి పట్టిన చెయ్యి తెలుసు. ఫొటో కూడా ఉంది.

భిలాయి-3లో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు అది ఎక్కడో దూరదేశపు కథ కాదు. ఇదే ఛత్తీస్‌గఢ్‌లో, ఉత్తరాన, కొరియా ప్రాంతపు రాంగఢ్ దగ్గర జరిగింది.

1947. కొరియా మహారాజు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ బండిలో వెళుతున్నారు. మూడు చీతాలు ఒకదానికొకటి దగ్గరగా కూర్చుని కనిపించాయి. మూడూ మగవే, ఒక్క ఈతలో పుట్టినవే. మగ చీతాలు తల్లిని విడిచాక కూడా అన్నదమ్ముల్ని విడవవు. కలిసే వేటాడతాయి, కలిసే పడుకుంటాయి. ఆ రాత్రీ కలిసే ఉన్నాయి. మొదటి గుండుకు ఒకటి ఒరిగింది. రెండో గుండు ఇంకొకదాని ఒంట్లోంచి దూసుకుపోయి, వెనక ఉన్నదాన్నీ చంపింది. నేల మీద వాటిని మించి పరుగెత్తే ప్రాణి లేదే! ఒక్క క్షణం ముందు లేచి ఉంటే ఎంత బాగుండేది!

రాజుగారి కాళ్ల ముందు మూడు కళేబరాలు వరసగా పడి ఉన్న ఆ ఫొటో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చేరింది. చీతా ముఖం మీద కంటి కొస నుంచి నోటిదాకా ఒక నల్లని చార దిగుతుంది, ఏడ్చి ఏడ్చి కట్టిన కన్నీటి చారలా. పుట్టుకతో వచ్చే గుర్తేనని తెలిసినా, ఆ ఫొటో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

పతనం ఆ రాత్రి మొదలైంది కాదు. అక్బరు కొలువులో వెయ్యి వేట చీతాలు ఉండేవంటారు. అన్నీ అడవిలో పట్టి తెచ్చినవే, ఎందుకంటే కట్టేసిన చీతా ఈనడం చాలా అరుదు. 1613లో జహంగీరు దగ్గర ఒక మగ చీతా మెడపట్టీ జార్చుకుని ఆడదాని దగ్గరికి పోయింది. రెండున్నర నెలలకు మూడు కూనలు పుట్టాయి. చక్రవర్తి ఆ వింతను తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. స్వేచ్ఛ ఇస్తే వంశం నిలుపుతానని ఆ మూగజీవి తనకు చేతనైనట్టు చెప్పింది. వినగలిగిన చెవి లేకపోయింది. పట్టడం ఆగలేదు, అడవి ఖాళీ అవుతూ వచ్చింది. తర్వాత వచ్చిన దొరలు చీతాను చంపితే బహుమతి ఇచ్చారు. మేత బీళ్లు పొలాలయ్యాయి, జింకలు తగ్గాయి. చివరికి సంస్థానాధీశులు వేట సరదా కోసం ఆఫ్రికా నుంచి చీతాలను తెప్పించుకునే స్థితి వచ్చింది. ప్రమాదం అప్పుడైనా ఎవరికీ అర్థం కాలేదా!

1952లో కేంద్ర వన్యప్రాణి బోర్డు తొలి సమావేశం మధ్య భారతంలో చీతా రక్షణకు ప్రత్యేక ప్రాధాన్యం ఇవ్వాలంది. రాంగఢ్ కాల్పులకు అప్పటికి ఐదేళ్లు. చీతా దేశంలో అంతరించిందని ప్రకటించిందీ ఆ ఏడే. 1970లలో ఇరాన్ నుంచి చీతాలను తెచ్చుకోవాలని మాటలు నడిచాయి. 1979లో అక్కడ షా గద్దె దిగాడు, మాటలు అక్కడే నిలిచిపోయాయి. ఆసియా చీతాలు ఇప్పుడు ఇరాన్‌లో కొన్ని పదులు మాత్రమే ఉన్నాయి.

2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి 8 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయ పార్కుకు చేరాయి. అవి బాగుండాలి, పిల్లాపాపలతో వర్ధిల్లాలి. కానీ అవి ఆఫ్రికా తెగవి. రాంగఢ్ అన్నదమ్ముల వంశం మళ్లీ రాదు.

భిలాయి మైత్రీబాగ్‌లో తెల్లపులిని చూపించేటప్పుడు మీ పిల్లలకు ఈ ముగ్గురి కథ కూడా చెప్పండి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువైన అడవి గేదెలు ఉదంతి అడవుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్నే మిగిలాయని, వాటినైనా ఇప్పుడే కాపాడుకోవాలని చెప్పండి.