నాజర్ బుర్రకథ: నవ్వు ఎవరి పక్షం?

ధరణికోట చరిత్ర అనగానే శాతవాహన రాజులనే తలచుకోవడం మనకు అలవాటు. ఆ ఊరికి అంత దూరం కాని పొన్నెకల్లులో, 1920లో, ఒక దూదేకుల ఇంట షేక్ నాజర్ పుట్టాడు. ప్రజల కళాచరిత్రకు ఆ ఇల్లు కూడా ముఖ్యమే.

కథ, పాట, మాట, హాస్యం కలిసిన ప్రదర్శన ఐరోపాలోనూ ఉంది. దాని పేరు ఆపరెట్టా. 1873లో వియన్నా స్టాకు మార్కెట్టు కూలింది. మరుసటి ఏడాది అక్కడ ఆడిన యోహాన్ స్ట్రాస్ 'డీ ఫ్లెడర్‌మౌస్', తప్పంతా షాంపేనుదేనని నవ్వుకుంటూ ముగుస్తుంది. ధనికులకు అంతకన్న ఊరట ఏం కావాలి?

ప్రజానాట్యమండలిలో నాజర్, ఆయన సహచరులు నవ్వుకు వేరే పని అప్పగించారు. కథకునికి ఒక పక్క హాస్యపు వంత, మరొక పక్క రాజకీయ వంత. బెంగాలు కరువు కథైనా, అల్లూరి కథైనా, నవ్విన శ్రోతకు వెంటనే 'ఈ కష్టానికి కారకులెవరు?' అన్న ప్రశ్న ఎదురయ్యేది. అందుకే పాలకులు ఒకప్పుడు బుర్రకథను నిషేధించారు.

తరువాత ప్రభుత్వమే ఆ కళను కుటుంబనియంత్రణ ప్రచారానికి వాడుకుంది; 1986లో నాజర్‌కు పద్మశ్రీ ఇచ్చింది. గౌరవం సముచితమే. కాని రాజకీయ వంత ప్రశ్న మాని ప్రకటనలు వినిపిస్తే ఆ కళలో సగం పోయినట్టే. 1997లో మరణించిన నాజర్‌ను స్మరించేవారు ముందుగా ఆ ప్రశ్నను నిలబెట్టుకోవాలి.