కళ్లం నుంచి బల్ల దాకా

క్రిస్మస్‌కు తేదీ ఉంది. ఈస్టర్ తేదీ ఏటా మారినా, మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి, ఆ పున్నమి దాటాక వచ్చే ఆదివారం అని దానికో లెక్క ఉంది. తెలుగు పల్లెల్లోని సంఘాలు చేసుకునే కోత పండుగకు తేదీ లేదు, లెక్కా లేదు. సంఘపెద్దలు కూర్చుని నూర్పిళ్లు ఎప్పటికి అవుతాయని రైతుల్నీ కూలీల్నీ అడిగి, ఓ ఆదివారం ఖాయం చేస్తారు. సార్వా వరి పండే చోట అది క్రిస్మస్‌కు కాస్త ముందో వెనకో పడుతుంది. వానలు వెనకబడిన ఏడు పండుగా వెనకబడుతుంది.

ఆ ఆదివారం గుడి వాసనే వేరు. స్తంభాలకు వరి కంకులు, గుమ్మానికి చెరకు గడలు, అటూ ఇటూ అరటి బోదెలు. ప్రభువు బల్ల ముందు గుమ్మడికాయలు, మొక్కజొన్న పొత్తులు, బుట్టెడు మిరపకాయలు, తువ్వాలు కప్పిన గుడ్లు, కాళ్లు కట్టిన కోడి. ప్రసంగం మధ్యలో కోడి అరిస్తే అయ్యగారు ఓ క్షణం ఆగాల్సిందే.

ఈ పండుగ ఎవరు పెట్టారని పెద్దవాళ్లను అడిగితే ‘దొరలు’ అంటారు. అందులో సగం నిజం ఉంది.

ఆ సగం నిజం ఇంగ్లండులో, కార్న్‌వాల్ ఉత్తర తీరాన మార్వెన్‌స్టో అనే చిన్న ఊళ్లో మొదలవుతుంది. అక్కడి గురువు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ కవి, పైగా చిత్రమైన మనిషి. ఓడలు బద్దలై ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుల శవాలను ఏరి, గుడి ఆవరణలో మర్యాదగా పాతిపెట్టేవాడు. ఆ ఓడల చెక్కలతోనే కొండ అంచున గుడిసె కట్టుకుని అందులో కవిత్వం రాసుకునేవాడు. ఆ గుడిసె ఇప్పటికీ ఉంది. ఆదివారం పూట ఎలుకను పట్టినందుకు తన పిల్లిని సంఘం నుంచి వెలేశాడని కూడా చెప్పుకుంటారు. ఇలాంటి మనిషి 1843లో ఊరి జనాన్ని పిలిచి, అక్టోబరు మొదటి ఆదివారం గుడికి రమ్మన్నాడు. కొత్త గింజలతో చేసిన రొట్టెనే ఆ రోజు ప్రభువు సంస్కారంలో విరిచి పంచాలన్నది అతని కోరిక.

అప్పటిదాకా అక్కడ కోత ముగింపు అంటే రైతు ఇంట్లో విందు, తాగుడు, ఆటపాట. హాకర్ దాన్ని గుడిలోకి తెచ్చాడు. మిగతా గురువులకు ఆ ఆలోచన నచ్చింది. జర్మన్ కవి మతియాస్ క్లాడియస్ 1782లో రాసిన రైతుల పాటను 1861లో జేన్ క్యాంప్‌బెల్ ఇంగ్లీషు చేయడంతో పండుగకు పాట కూడా దొరికింది. కొన్ని దశాబ్దాల్లోనే ఇంగ్లండు గుళ్లన్నీ ఏడాదికోసారి కూరగాయల సంతలా కనిపించసాగాయి. అక్కడి నుంచి మన దేశానికి వచ్చిన మిషనరీల పెట్టెల్లో ఈ పండుగా ఉంది.

హాకర్ మాత్రం దీన్ని కొత్తగా కనిపెట్టలేదు. పాత ఇంగ్లండులో ఆగస్టు 1న కొత్త గోధుమ రొట్టెను గుడికి తెచ్చేవారు. ఆ రోజుకు ‘లామస్’ అని పేరు, అంటే రొట్టె పూజ. మత సంస్కరణల కాలం తర్వాత అది మరుగున పడింది. ఆర్మీనియన్లు ఆగస్టు మధ్యలో ద్రాక్షపళ్లను గుడికి తెచ్చి దీవింపజేసుకుని గానీ నోట పెట్టరు. మన పక్కనే మంగళూరులో కొంకణీ కేథలిక్కులు సెప్టెంబరు 8న, మరియమ్మ పుట్టినరోజున, దీవించిన కొత్త వరి కంకులు ఇంటికి తెచ్చుకుని ఆ గింజలు కలిపి కొత్త తింటారు. పంట కోసిన ప్రతిచోటా ఎవరో ఒకరు మొదటి పిడికెడు పక్కకు తీసి పెడుతూనే వచ్చారు.

ఇంకా వెనక్కి వెళితే లేవీయకాండం 23వ అధ్యాయం. తెలుగు బైబిలు అనువాదకులు ఇక్కడ మన పొలం మాటలే వాడారు. పస్కా రోజుల్లో యవల కోత మొదలవగానే మొదటి పనను యాజకుడు దేవుని ఎదుట అల్లాడించాలి. అక్కడి నుంచి ఏడు వారాలు లెక్కపెట్టి, కొత్త గోధుమ పిండితో చేసిన రెండు రొట్టెలు తేవాలి. ఆ యాభయ్యో రోజే పెంతెకొస్తు. నేడు ఆ మాట వింటే క్రైస్తవులకు పరిశుద్ధాత్మ గుర్తొస్తుంది, గోధుమ ఎవరికీ గుర్తు రాదు. పండుగ నిలిచింది గానీ, దాని అడుగున ఉన్న పంట చేజారింది. కోత పండుగ ఒక రకంగా ఆ చేజారిన గింజను వెతుక్కోవడమే.

అదే అధ్యాయంలో ఇంకో ఆజ్ఞ ఉంది. పొలం అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశులకూ వదిలేయాలి. బైబిలు కథలోని రూతు బ్రతికింది ఆ పరిగె మీదే.

తెలుగు నేల మీద ఈ మాట తగిలిన తీరే వేరు. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడ క్రైస్తవంలోకి వచ్చినవారిలో ఎక్కువమంది మాల మాదిగలు. పంట పండించింది వాళ్ల చేతులే అయినా పంట వాళ్లది కాదు. కళ్లంలో రాశి పోశాక తమ మేర కోసం ఓ పక్కన నిలబడిన జనం. పరిగె ఏరుకోవడం ఏమిటో ఆ ఆడవాళ్లకు ఎవరూ బోధించనక్కర్లేదు.

కరవు కూడా వాళ్ల ఇంటికే ముందు వచ్చేది. 1876–78 కరవులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలి జనానికి పని చూపించాడు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మెదక్‌లోనూ మిషనరీ చార్లెస్ పాస్నెట్ పూనుకుని కట్టించిన మహా దేవాలయం పని తర్వాతి కాలపు కరవు రోజుల్లో చాలామందికి కూడు పెట్టింది. దాని ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది.

కోత పండుగకు తెలుగు అర్థం తెచ్చినవారిలో ముందు చెప్పుకోవాల్సింది దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. విదేశీ డబ్బు మీద ఆనుకున్న సంఘం ఎన్నటికీ సొంత కాళ్ల మీద నిలబడదని ఆయన నమ్మకం. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఓ పుస్తకమే రాశారు. బీదవాడి దగ్గర ఏం ఉంటుందని అడగడం బీదవాణ్ని చిన్నబుచ్చడమేనన్నట్టు నడిచింది ఆయన పని. డబ్బు లేదా, ధాన్యం తేవచ్చు. ధాన్యం లేదా, గుడ్డు తేవచ్చు.

మేర కోసం కళ్లం అంచున నిలబడిన మనిషి, తన చేతి గింజలు తెచ్చి అందరి ముందూ బల్ల మీద పెట్టడం మామూలు సంగతి కాదు. పుచ్చుకునేవాడు ఇచ్చేవాడయ్యాడు. ఇంగ్లండు పల్లెలో అది కృతజ్ఞత మాత్రమే. ఇక్కడ దానికి తోడు తలెత్తుకోవడం కూడా కలిసింది. దొరలు తెచ్చింది పండుగ ఆకారం. అందులో ప్రాణం పోసింది కూలి జనం. అందుకే పెద్దలు చెప్పే ‘దొరలు’ సగం నిజమే.

ఇవ్వడం ఆ ఒక్క ఆదివారంతో ఆగదు. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కడిగే ముందు ఓ పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసే ఇల్లాళ్లు తెలుగు సంఘాల్లో ఉన్నారు. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళుతుంది. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి అలవాటు అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి పెద్ద ఆదాయంగా ఎదిగింది.

పట్నాల్లో మాత్రం పండుగకు కాస్త ఇబ్బంది వచ్చిపడింది. అపార్టుమెంట్లో కోసే పంట ఏముంటుంది? సూపర్‌బజారులో కొన్న ఆపిల్ పళ్లు స్టిక్కరుతో సహా బల్ల ముందుకు వస్తాయి. కేకులు, పచ్చళ్లు, బిర్యానీ స్టాళ్లు వెలుస్తాయి. దీన్ని చూసి నవ్వేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండు గుళ్లలోనూ ఇప్పుడు కంకుల పక్కన డబ్బా ఆహారాలు పేరుస్తున్నారు, తర్వాత అవి ఆకలిగా ఉన్నవారికి చేరుతాయి. జీతం కూడా పంటే అనుకుంటే స్టిక్కరు ఉన్న ఆపిల్‌లో తప్పేమీ లేదు. కాకపోతే దాని వెనక వాన కోసం ఆకాశం వైపు చూసిన మనిషి కనిపించడు.

పల్లెలో ఆరాధన అయ్యాక అసలు సందడి వేలంపాటతో మొదలవుతుంది. గొంతున్న సంఘపెద్ద ఒకరు గుమ్మడికాయను రెండు చేతులా పైకెత్తి ‘ఒకటోసారి’ అంటాడు. సంతలో ధర అందరికీ తెలుసు, అయినా ఎవరూ ఆ ధర దగ్గర ఆగరు. పట్నం నుంచి వచ్చిన అల్లుడిగారి వైపు చూసి బావమరదులు పాట పెంచుతారు. ఆయన పరువుకు పోయి పాడుకుంటాడు, డబ్బు కట్టి కాయను మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు. సంఘపెద్ద దాన్ని మళ్లీ ఎత్తి మళ్లీ ‘ఒకటోసారి’ అంటాడు. అదే గుమ్మడికాయ ముగ్గురు నలుగురి చేతులు మారి, చివరికి ఎవరి ఇంటికీ పోకుండా ప్రేమ విందు పులుసులోకి చేరుతుంది.