దీపమాఱినను పలికిన టెలిఫోను



కరెంటు పోయిన రాత్రి బియ్యపు వర్తకుని కొట్టులో టెలిఫోను మ్రోగుట మీలో ననేకు లెఱుగుదురు. దీపము లేదు, పంకా లేదు. కాని పట్టణమునుండి బస్తా ధర యడుగువాని గొంతు స్పష్టముగా వినవచ్చెడిది. బడిపంతులుగా నున్న దినములలో నే నిది చూచి యాశ్చర్యపడితిని. దాని వెనుకనున్న చరిత్రను నేడు మనవి చేసెదను.

1876లో గ్రాహాం బెల్ టెలిఫోనునకు హక్కుపత్రము పొందెను. 1878 జనవరిలో అమెరికాలోని న్యూహేవెన్ పట్టణమున 21 మంది చందాదారులతో వర్తకపు ఎక్స్ఛేంజి వెలసెను. తరువాతి టెలిఫోనుపెట్టెలలో మాటకొఱకు బ్యాటరీయు, గంటకొఱకు చేతితో త్రిప్పు పిడియు నుండెడివి. ఇంటింటి బ్యాటరీని సంరక్షించుట కంపెనీలకు పెనుభారమాయెను. కనుక 1890 దశకమున బ్యాటరీల నెల్ల ఎక్స్ఛేంజికే చేర్చి, మాట నడచు రాగితీగ వెంబడినే విద్యుత్తును పంపసాగిరి. ఊరికెల్ల నొక్క చెఱువు నీరిచ్చినట్లని తలపుడు. 2 వోల్టుల సీసపు గడులు 24 వరుసగా గూర్చిన 48 వోల్టులగును. కరెంటుండగా నివి నిండుచుండును. పోయినపు డివియే పలికించును. పెద్ద ఎక్స్ఛేంజీలలో డీజిలుయంత్రము వీనికి తోడు.

1965 నవంబరు 9 సాయంకాలము దీనికి గొప్ప పరీక్ష వచ్చెను. కెనడాదేశపు ఆంటేరియోలో నొక రిలే, భారము హద్దు మీఱినదని యొక విద్యుత్తీగను విడదీసెను. ఆ భారము తక్కిన తీగలపై బడి యవియు విడిపోయెను. నిమిషములలో న్యూయార్కు మొదలగు ప్రాంతములవారు మూడుకోట్ల మంది చీకటిపాలైరి. భూగర్భరైళ్లు నిలిచెను, టెలిఫోనులు పలికెను.

ఇప్పుడు రాగితీగ తొలగుచున్నది. గాజుపోగు వెలుగును మోయును గాని విద్యుత్తును మోయదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీ యెంత పెద్దదైనను కొట్టులోని పెట్టెకు చాలదు. అమెరికాలో 2015లో ప్రభుత్వపు కమిషను, కోరిన గృహస్థులకు 8 గంటల బ్యాటరీని కంపెనీలు అమ్మజూపవలెనని శాసించెను. వర్తకుల మాట యందు లేదు. వారి జాగ్రత్త వారిదే.

మా యూరి సహకారసంఘమున మొన్న గాలివానకు నాలుగు గంటలు కరెంటు లేదు. ఇన్వర్టరు గలదు గనుక దీపములు వెలిగెను. ఫోను మాత్రము మూగవోయెను. కార్యదర్శి కంపెనీవారిని నిందించుచుండెను. చూడగా, గాజుతీగ వచ్చిచేరు చిన్నపెట్టెను ఇన్వర్టరు తగులని ప్లగ్గున నుంచిరి. దానిని మార్చిన కొలదిసేపటికే గంట మ్రోగెను. ఎరువుల లారీ నెక్కడ దింపవలెనని డ్రైవరు గంటనుండి పిలుచుచున్నాడట.