ప్రతిలేఖనం నుండి బైటు ప్రవాహం వరకు: కైఫీయతుల నేపథ్యంలో ఒక పరిశీలన

1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ బంగళా కొని, సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను నియమించి తాళపత్ర గ్రంథాలను కాగితాలపైకి ఎత్తి రాయించాడు. ప్రతులను సేకరించడం, పోల్చి పాఠాన్ని పరిష్కరించడం, శుద్ధప్రతి సిద్ధం చేయడం ఆ కృషిలోని దశలు. అంతకుముందే కల్నల్ మెకంజీ దత్తమండలాల గ్రామచరిత్రలను కైఫీయతులుగా సేకరింపజేశాడు. ఈ పాఠాలను కంప్యూటరులో భద్రపరిచేటప్పుడు లేఖన దశల ప్రశ్న మరో రూపంలో ఎదురవుతుంది.

1996లో వెలువడిన జావా, దత్తాంశాన్ని ద్వియాంశ రూపంలో రాయడానికి ఒకదానిలో ఒకటి ఇమిడే ప్రవాహాలను సమకూర్చింది. ఫైల్ అవుట్‌పుట్ స్ట్రీమ్‌కు బైట్లను ఫైలులో చేర్చడం మాత్రమే తెలుసు. దానిపై అమరిన బఫర్డ్ అవుట్‌పుట్ స్ట్రీమ్ సాధారణంగా 8,192 బైట్లు పోగుచేసి ఒకేసారి పంపుతుంది. అన్నిటికీ పైనున్న డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్ సంఖ్యలను, పదాలను బైట్లుగా మారుస్తుంది. బ్రౌన్ పండితులతో ఈ పోలిక ఇంతవరకే చెల్లుతుంది. పండితుడు పాఠాన్ని ప్రశ్నించాడు, ప్రవాహం ప్రశ్నించదు.

1820 అనే సంవత్సరాన్ని పూర్ణాంకంగా రాస్తే ఫైలులో 0, 0, 7, 28 అనే నాలుగు బైట్లు నిలుస్తాయి. వాటినే తలకిందుల క్రమంలో చదివే ప్రోగ్రాముకు అది 47,02,20,800 అవుతుంది. ఫైలు చెడలేదు, కానీ చరిత్ర చెడింది.

తెలుగు పాఠం విషయంలో చిక్కు మరింత సూక్ష్మం. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. అందువల్ల ‘కడప’కు 9, ‘కర్నూలు’కు 21 బైట్లు పడతాయి. డేటా అవుట్‌పుట్ స్ట్రీమ్‌లోని రైట్‌యూటీఎఫ్ పద్ధతి పాఠానికి ముందు దాని నిడివిని రెండు బైట్లలో నమోదు చేస్తుంది కనుక 65,535 బైట్లు మించిన పాఠాన్ని స్వీకరించదు. ఆంగ్లంలో అది అరవై అయిదు వేల అక్షరాలకు పైమాట. తెలుగులో 21,845 సంకేతాలే. దీర్ఘమైన కైఫీయతు అక్కడే ఆగిపోతుంది. ఆంగ్లపాఠంతో మాత్రమే పరీక్షించిన వారికి ఈ లోపం కనబడదు. నిడివిని నాలుగు బైట్ల పూర్ణాంకంగా ముందు రాసి, ఆపై యూటీఎఫ్-8 బైట్లను నేరుగా పంపడం మేలు.

ముగించేటప్పుడు పై ప్రవాహాన్నే మూయాలి. అప్పుడు నడుమ నిలిచిన బైట్లు ఫైలుకు చేరి, లోపలివి వాటంతటవే మూతపడతాయి. అడుగుదాన్ని ముందు మూస్తే కైఫీయతు చివరి భాగం ఫైలుకు చేరకుండానే పోతుంది. లేఖకుడు తన పేరు, కాలం తెలిపే గద్యను సాధారణంగా రాసేది కూడా ఆ చివరనే.